మోరిసెట్ పాడిన అచ్చు

ఫ్రెంచి మాటల తోకన తరచూ ఒక అక్షరం ఉంటుంది.
రాస్తారు, పలకరు.
రొట్టెలు కొనేటప్పుడు, ఇంటి యజమానితో
గొడవ పడేటప్పుడు
దాన్ని గొంతులోనే దిగమింగుతారు.
పాటలో మాత్రం అది లేచి కూర్చుంటుంది.
వెళ్లొస్తానని చెప్పీ గుమ్మంలోనే నిలబడ్డ చుట్టంలా
ఇంకాసేపు సాగుతుంది.

(అన్ని మాటలకీ చివర తలుపు తీసి ఉంచే భాషవాణ్ణి,
నాకెందుకో దానిమీద జాలి.)

ఇరవై ఏళ్లకు పైగా మోరిసెట్ ఉద్యోగం అదే:
వెనక నిలబడి ఆ అక్షరాన్ని కింద పడకుండా పట్టుకోవడం.
రికార్డు అట్ట మీద ఆమె పేరు లేదు.
అడుగున, చీమల బారంత సన్నగా, కోరస్ అని ఉంది.
అందులో మూడో వంతు ఆమె.

తండ్రి దెనాఁలో గని కార్మికుడు.
అకార్డియన్ మడతల్లో కూడా బొగ్గు నుసి.
పాటంటే ఆయనకి కథ:
మొదటి చరణంలో రేవు, రెండో చరణంలో ఆడపిల్ల,
మూడో చరణంలో వాన.
వాన లేకపోతే డబ్బు వాపసు అడగొచ్చనేవాడు.

తర్వాత గిటార్లొచ్చాయి.
మంగళవారం పొద్దున్న స్టూడియోలో
ఇంగ్లీషు రికార్డు మూడుసార్లు తిప్పేవారు.
మాటలు రాసే ఆయన పెన్సిల్ కొరుకుతూ,
అర్థం వదిలెయ్యండి,
నోరెక్కడ తెరుచుకుంటుందో చూడండి, అనేవాడు.
అక్కడి పొడవాటి కారు ఇక్కడ స్కూటరయింది.
ఎడారి రోడ్డు బడి గేటయింది.
ఏమీ దొరకని చోట యే, యే.
మధ్యాహ్నం రెండింటికల్లా పాట తయారు,
సాయంత్రానికి కాఫీలు చల్లారిపోయి ఉండేవి.

దెనాఁలో ముసలాయన రేడియో కట్టేశాడు: ఇదేం భాష?
మళ్లీ పెట్టాడు.
ఉండండుండండి, ఆ యే మా అమ్మాయిది.

ఒక చలికాలం మాంట్రియాల్ నుంచి ఒకామె వచ్చింది పాడటానికి.
ఆమె అచ్చులు వెడల్పు, బూట్లకంటిన మంచులా.
అద్దం అవతల కుర్రాళ్లు నవ్వారు.
మోరిసెట్ నవ్వలేదు.
అదే విత్తనం, వేరే చలిలో మొలిచింది,
వాళ్ల అమ్మమ్మ ఇంట్లో పలుకు కూడా కొంచెం అలాగే ఉండేది.

ఇక ఎనభైల్లో ఒకరోజు
కీబోర్డు మీద ఒక బొత్తం చూపించారు.
దానిమీద రాసి ఉంది: కోరస్.
నొక్కి చూసింది.
బానే పాడింది పాపం,
ఊపిరి మాత్రం తీసుకోలేదు.
సగం రోజు కూలీ ఇచ్చి పంపేశారు.

విత్రీలో బడి పిల్లలకి అన్నం వడ్డించే పని దొరికింది.
రేడియోలో నూటికి నలభై పాటలు
ఫ్రెంచివే ఉండాలని చట్టం వచ్చిన ఏడు
వంటవాళ్లు చప్పట్లు కొట్టారు;
ఆమె గరిటె ఆపలేదు.
బల్లల దగ్గర పిల్లలు అప్పటికే
మాటల్ని చొక్కాల్లా తిరగేసి తొడుక్కుంటున్నారు,
ముందుది వెనక్కి, వెనకది ముందుకి,
ఫోర్కులతో తాళం.
చివరి అక్షరాన్ని వాళ్లు పూర్తిగా నరికేశారు.
సరే, దాని కాలం అయిపోయింది, అనుకుంది.
గిన్నెలు కడిగింది.

మొన్న బస్సులో
పక్క సీటు కుర్రాడి ఫోన్లోంచి
గబగబా మాటలు, కింద బరువైన దరువు,
ఆ రెంటి మధ్య, గీతలు పడ్డ ప్లాస్టిక్ వాసనతో,
రెండు క్షణాల ఆడగొంతు,
మళ్లీ మళ్లీ అదే.
ఆ రోజు తనకి జలుబు. గుర్తుంది.

అది నేను, అంది.
ఏది?
మాట కాదు బాబూ. మాటైపోయాక మిగిలింది చూడు, అది.

కుర్రాడు పాట ఆపాడు.
పాత సామాన్ల సంతలో ఒక్క యూరోకి కొన్నాడట,
అట్ట లేదట, ఎవరిదో తెలీదట.
ఈ పాట తనే చేశాడట. పేరు బూబకర్.
పైకి కిందికి చూశాడామెని,
చేతిసంచీలోని ఉల్లికాడల్నీ.
ఇంకోసారి వినిపించాడు. ఆమె కూడా
పెదవులు కదపకుండా పట్టుకుంది.
డ్రైవరు అద్దంలోకి చూశాడు.

మీ పేరు రాస్తాను, చెప్పండి.
వేలు ఫోన్ మీద సిద్ధంగా ఉంది.
మోరిసెట్, అంది.
ఒక్కొక్క అక్షరమే చెప్పింది,
రెండు ‘ట’లు దాటాక ఆగి:

చివర ఇంకొకటుంది.
పలకరు.
అయినా రాసుకో.